బిరడా పెట్టి పోయే దొంగ

ఏ నొప్పీ లేని దవడకు రుమాలు చుట్టుకుని, పట్నం బస్సెక్కి, ఊరి చివర పిండిమిల్లు దగ్గరే దిగిపోయి, కాలవ గట్టు పట్టుకుని మోకాలెత్తు గోధుమ చేల మధ్య వంగి వంగి నడిచి, తన ఇంటికి తనే వెనకదారిన దొంగలా వచ్చి, మొక్కజొన్న కంకులు దాచే చెక్క కొట్టులో దూరి కూర్చున్నాక, దేసంకకు ఇప్పుడు నిజంగానే పన్ను సలపడం మొదలైంది. సలపనీ. బోర్లించిన బకెట్టు మీద సర్దుకుని, పట్టీల సందులోకి కన్ను ఆనించింది. ఎదురుగా కుంట. కొత్త కాంక్రీటు ఎండలో తెల్లగా, తెల్లారగట్ల తను నింపిన నీళ్ళు అంచు దాకా, కదలకుండా. ఉన్నాయి. ఇంకా ఉన్నాయి. కుంట పక్కన జాలీ కట్టిన దొడ్డి, దాని మీద రేకు, రేకు మీద పిచ్చుక ఒకటి అటూ ఇటూ చూస్తోంది, దానికేం పనో. బస్సెక్కేటప్పుడు వీధిలో బల్లల మీద కూర్చున్న వాళ్ళందరూ చూశారు, చూడాలనే కదా ఎక్కింది. పెర్స అయితే అల్లిక సూదులు ఆపి మరీ అడిగింది, "పన్నా?" అని. "పన్నే" అంది తను, రుమాల్లోంచి. "ఏ పన్ను?" అంది పెర్స. ఏ పన్నైతే నీకెందుకు? ఎవరైనా పన్ను నొప్పంటే అయ్యో అంటారు గాని ఏ పన్నని అడుగుతారా? తెలుసుకుని ఎవరికి చేరవెయ్యడానికి? అంతకుముందే తను కంచె దగ్గర నిలబడి, పక్కింట్లోకి వినబడేలా మొగుడితో గట్టిగా చెప్పింది, "సాయంత్రం బస్సుకి గాని రాను గ్లిషా, చారు పొయ్యి మీద ఉంది" అని. గ్లిషా తల ఊపాడు. మరీ తొందరగా ఊపాడు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, పెళ్ళాం పంటి నొప్పితో పట్నం పోతుంటే తోడు రానా అని ఒక్క మాట అనడా?

కుంట కావాలన్నది తనే. ఊరవతల ఇటుక మట్టి తవ్విన గోతుల్లో నీళ్ళుంటాయి, ఊళ్ళో అందరి పెద్దబాతులూ అక్కడే ఈదుతాయి, కానీ ఊరందరిదీ అయిన నీళ్ళలో ఎవడేం కలిపాడో ఎవడికి తెలుసు. మట్టి కుంట తవ్వుకుంటే మట్టి తాగేస్తుంది, ఎలకలు బొరియలు పెడతాయి, పక్క తోటలోంచి ఏం ఊరి వస్తుందో. కాంక్రీటు అయితే ఇటునుంచి అటు పోదు, అటునుంచి ఇటు రాదు. తన పెరట్లో, తన బావి నీళ్ళతో, తన చేత్తో బిరడా పెట్టిన నీళ్ళు. దానికోసం లాయోష్ బాచిని పిలిచింది. హంగేరీ వాళ్ళలో పెద్దాయన, బాచి అంటే వాళ్ళ మాటలో బాబాయి, మీసాలు ఇంత లావు, ఈ చుట్టుపక్కల ఊళ్ళలో బావి గట్లూ పంది కొట్టాల నేలలూ అన్నీ ఆయన చేతివే. గ్లిషా తవ్వాడు, ఆయన అడుగున కంకర పరిచి ఇనప జాలీ వేసి కాంక్రీటు పోశాడు. ఒక పక్క గోడలా దింపకుండా వాలుగా దించాడు, పైన చీపురుతో గీతలు పెట్టాడు, బాతుపిల్లల కాళ్ళు జారకుండా. లోతైన మూల గొట్టం, గొట్టానికి చెక్క బిరడా, బిరడాకు గుడ్డ చుట్టు. గొట్టం కంచె పక్కనుంచి వీధి కాలవలోకి పోతుంది. ఆయన పోస్తున్నంతసేపూ దేసంక అక్కడే నిలబడింది, సిమెంటు బస్తాల మీద చెయ్యి వేసి. పచ్చి కాంక్రీటు మీద తడి గోనెలు కప్పించాడు, రోజూ తడపమన్నాడు. పని అయిపోయి వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు: "అప్పుడే పిల్లల్ని దించకు దేసంకా. నింపు, రెండ్రోజులుంచి ఒంపెయ్యి. మళ్ళీ నింపు, మళ్ళీ ఒంపు. ఒక నెల అలా చెయ్యి. కొత్త కాంక్రీటు నీళ్ళు ఘాటు." ఆ మాట దగ్గర ఆమె మనసు టక్కున ఆగింది. కుంట కట్టినవాడు కుంటలో నీళ్ళు ఒంపెయ్యమనడమేమిటి? ఇల్లు కట్టినవాడు ఇంట్లో ఉండొద్దన్నట్టు. ఎక్కడో బీట ఉంది, ఈ నెల గడిస్తే తనకేం సంబంధం లేదంటాడు, అంతే. మూతి బిగించి "సరే" అంది. ఆయన ముఖం చూస్తే ఆయనకీ తెలిసిపోయింది, ఈమె ఒంపదని.

మొదటిసారి నింపి, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి లేచేసరికి కుంట ఖాళీ. అడుగున తడి, ఒక మూల కాసిని నీళ్ళు, అంతే. బీటే అనుకుంది, అనుకుని లోలోపల కాస్త సంతోషించింది కూడా, తను అనుకున్నదే అయిందని. లాయోష్ బాచిని పిలిపించి తిట్టింది. ఆయన బిరడా బిగించి, కుంట నింపి, నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత గీసి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. "నా కాంక్రీటు కారితే ఈ మీసం తీసేసి నీ బాతులకి గూడు కడతా" అని లేచి పోయాడు. ఆ మర్నాడు ఆమె సంతకు పోయి వచ్చేసరికి మళ్ళీ ఖాళీ. అంటే బీట కాదు, మనిషి. ఆదివారం గుడికెళ్ళొచ్చేసరికి ఇంకోసారి. అన్నిటికన్నా ఆమెను తినేస్తున్నది ఇది: ప్రతిసారీ బిరడా తిరిగి దాని చోట దానికే పెట్టి ఉంది. గుడ్డ చుట్టు సరిగ్గా, నొక్కి మరీ. నీళ్ళు వదిలేసి, మళ్ళీ బిరడా పెట్టి పోయే దొంగ ఎవడు? కసి ఉన్నవాడు బిరడా ఎత్తుకుపోతాడు, విసిరేస్తాడు, నాలుగు రాళ్ళు వేసి గొట్టం పూడుస్తాడు. ఇంత మర్యాదగా దొంగతనం చేసేవాడు ఏదో పెద్దదానికే పథకం వేస్తున్నట్టు. బావి అడుగంటేదాకా నీళ్ళు తోడించాలనా? తనకు మతి పోతోందని ఊరు అనుకోవాలనా? నిన్న దుకాణంలో ఉప్పు కొంటూ అందరూ వినేలా చెప్పింది, రేపు కాదు ఎల్లుండి పిల్లల్ని నీళ్ళలో దించేస్తున్నానని. వసంతంలో వచ్చే జూర్జెవ్ పండగ వెళ్ళింది, పిల్లలు చేతికి బరువొచ్చాయి, వేసవి వంటింట్లో పెట్టె పట్టక ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. చెబుతూ ఒక్కొక్కరి ముఖమూ చూసింది. ఎవరి ముఖంలో ఏం కదిలితే అదే జవాబు అనుకుంది. ఎవరి ముఖమూ కదల్లేదు. అందరూ కలిసే ఉన్నారేమో.

కొట్టులో అడుగున మిగిలిన పాత కంకుల వాసన, ఎలక వాసన, దుమ్ము. ఈ వాసన అమ్మది. అమ్మ కూడా ఇలాగే సందులోంచి చూసేది, కిటికీ తెర పక్కకి తియ్యకుండా, తెరకీ గోడకీ మధ్య సందులోంచి. యుద్ధమైన కొత్తల్లో ప్రభుత్వం వాళ్ళు ఇంటింటికీ వచ్చి గోధుమ కొలుచుకుపోయే రోజులు. నాన్న కాస్త గోధుమ పంది కొట్టం నేల కింద పాతిపెట్టాడు. రాత్రి కాదు, పట్టపగలు, ఊరంతా పెళ్ళి ఊరేగింపు చూస్తుంటే. ఎవరూ చూడలేదు. అయినా వాళ్ళు వచ్చి, ఇంట్లో అడుగుపెట్టకుండా, తిన్నగా పంది కొట్టానికి పోయి గునపం వేశారు. నాన్న జైలు నుంచి వచ్చాక ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మాట్లాడిందంతా అమ్మే. "ఎవరో చెప్పారు" అనేది, రొట్టెపిండి పిసుకుతూ, బాతుల ఈకలు దూస్తూ, జడ వేస్తూ, జడ పాయలు లాగి లాగి, "ఎవరో చెప్పారే, ఎవరో చెప్పారు." ఎవరో అమ్మకు ఎప్పుడూ తెలీలేదు, అందుకే అందరూ అయ్యారు. చచ్చేదాకా ఎవరింట్లోనూ కాఫీ తాగలేదు. పోయే ముందు కూడా పాద్రీ పెట్టిన ప్రసాదం మింగే ముందు ఆయన ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూసింది. తను అమ్మలా లేదు, ఎంత మాట. తను కాఫీ తాగుతుంది. ఒకప్పుడు ఒక ఇంట్లో అయితే పొద్దున్నా సాయంత్రమూ తాగేది, కప్పు అడుగున మడ్డిలో ఇద్దరూ జాతకాలు చూసుకుని నవ్వుకునేవాళ్ళు.

స్మిల్య. పక్కిల్లు. తన పెళ్ళిలో పక్కన నిలబడి సాక్ష్యం పలికింది స్మిల్యే, తనకు పుట్టిన ఆడపిల్లను గుడిలో చేతుల మీద పట్టుకుని పేరు పలికిందీ స్మిల్యే. కూమ అంటారు అలాంటి మనిషిని. కడుపున పుట్టినవాళ్ళు తిడితే పడొచ్చుగాని కూమతో తెగదెంపులు చేసుకుంటే దేవుడు కూడా ముఖం తిప్పుకుంటాడంటారు. తిప్పుకోనీ, తను చేసిందేముంది? చేసింది స్మిల్య. కొన్నేళ్ళ కిందట ఒక వేసవి ఎండకు ఇటుక గోతుల్లో నీళ్ళు సగానికి దిగి పచ్చగా మారాయి. ఆ పొద్దున కంచె మీంచి స్మిల్య అంది, "నీళ్ళు వాసనేస్తున్నాయి కూమా, ఇవాళ బాతుల్ని వదలకు." తను నవ్వుకుంది లోపల. అహా, నీళ్ళు తక్కువున్నాయని, తన బాతులు మాత్రం హాయిగా ఈదాలని కదా. వదిలింది. మధ్యాహ్నానికి ఎవరో పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పారు. వెళ్ళేసరికి గట్టు పొడుగునా తెల్లటి పక్షులు, మెడలు తడిగుడ్డల్లా వాలిపోయి, కొన్నింటికి కళ్ళు ఇంకా తెరుచుకునే ఉన్నాయి, చూస్తూ ఉన్నాయి, మెడ మాత్రం ఎత్తలేకపోతున్నాయి. తనవే ఎక్కువ. స్మిల్యవి ఒక్కటీ లేదు. ఎందుకు లేదు? ఆ రోజే ఎందుకు ఇంట్లో ఉంచింది? వాసనేస్తున్నాయని ముందే ఎలా తెలిసింది? పశువుల డాక్టరు వచ్చి ఎండకు మురిగిన నీళ్ళలో అలాంటి జబ్బు పుడుతుందనో ఏదో అన్నాడు. ఆయన స్మిల్య మొగుడితో చీట్లాడేవాడు, ఏమంటాడు మరి. దేసంక దుకాణం ముందు నడివీధిలో నిలబడి అనవలసిందంతా అంది. విషం పెట్టింది అంది. ముందే చెప్పింది, చెప్పినదే రుజువు అంది. స్మిల్య ఎదురు చెప్పలేదు. చెప్పకపోవడం ఇంకో రుజువు. తర్వాత స్మిల్య తన బాతులన్నీ అమ్మేసింది. ఊళ్ళో అందరికన్నా బాగా పెంచే మనిషి, గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని లోపలి పిల్ల కదలిక చెప్పే మనిషి, మళ్ళీ ఒక్క ఈక తన పెరట్లో పడనివ్వలేదు. తప్పు చెయ్యనిదైతే ఎందుకు మానేస్తుంది? ఆమె మొగుడు పోయినప్పుడు దేసంక చావింటికి ఇచ్చే గోధుమ ప్రసాదం వండింది, పైన చక్కెర అద్దింది, శిలువ గుర్తు వేసింది, పట్టుకుని తన గుమ్మం దాకా వచ్చి, వెనక్కి పోయి గిన్నె బల్ల మీద పెట్టేసింది. నేను తెచ్చింది తింటుందా, తినకపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోను అనుకుంది. అది గ్లిషా తిన్నాడు, రెండ్రోజులు, ఏం మాట్లాడకుండా.

గుడి గంట మధ్యాహ్నం కొట్టింది. ఆకలి. సంచిలోంచి పంది కొవ్వు రాసి ఎర్ర మిరప్పొడి చల్లిన రొట్టె తీసింది, రుమాలు అడ్డొచ్చింది, రుమాలు విప్పబోయి ఎవరన్నా చూస్తారేమోనని ఆగిపోయి, కొట్టులో ఎవరు చూస్తారే పిచ్చిదానా అని విప్పేసింది. నమిలితే పన్ను జివ్వుమంది. చేతుల మీద చర్మం పగిలి మంట పెడుతోంది, వారం నుంచీ అంతే, కుంట గోడలు తోమిన దగ్గర్నుంచి. దుకాణంలో ఈసారి సబ్బు కల్తీది ఇచ్చారు. ఇంటి తలుపు చప్పుడు. గ్లిషా. బనీను మీద, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు, నలువైపులా చూశాడు. ఎందుకు చూస్తున్నాడు నలువైపులా? దొడ్డి రేకు కింద చెయ్యి పెట్టి సీసా తీశాడు. మల్బరీ సారా. అందుకన్నమాట దొడ్డి కప్పు అంత ఇష్టంగా కట్టింది. ఒక గుక్క, మూతి తుడుపు, సీసా మళ్ళీ రేకు కిందకి. సరే, అది సాయంత్రం చూద్దాం. కుంట అంచున కూర్చుని ప్యాంటు మడిచి పాదాలు నీళ్ళలో పెట్టాడు. హాయిగా కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, పాదాలు బయటికి తీసి, వేళ్ళ మధ్య బరబరా గోకడం మొదలుపెట్టాడు. గోకి గోకి గడ్డిలో తుడిచాడు. "అబ్బ" అన్నాడు. లేచాడు. కంచె దాకా వెళ్ళాడు, స్మిల్య వైపు కంచె. గొంతు సవరించుకున్నట్టు దగ్గాడు. ఒకసారి. ఆగి మళ్ళీ ఒకసారి. తిరిగి చూడకుండా ఇంట్లోకి పోయాడు. దేసంక నోట్లో రొట్టె ముద్ద అలాగే ఆగిపోయింది. అది దగ్గు కాదు. నలభై ఏళ్ళు పక్కలో పడుకుని విన్నది అతని దగ్గు, పొగాకు దగ్గు ఒకటి, చలి దగ్గు ఒకటి, తను తిడుతుంటే దగ్గే దగ్గు ఒకటి. ఇది ఏదీ కాదు. ఇది పిలుపు. ఈ వయసులో! మొగుడు పోయినదీ, ఈయనా. అందుకా చావింటి ప్రసాదం మాట్లాడకుండా తిన్నాడు, అందుకా తోడు రానా అనలేదు, అందుకా కుంట తవ్వమంటే ఎప్పుడూ లేనిది హుషారుగా పార అందుకున్నాడు, కంచె పక్కనే కదా. ఎన్నాళ్ళ నుంచి? ఒకవేళ ఆ బాతులు చచ్చినప్పటి నుంచేనా? అంతకు ముందు నుంచా? పెళ్ళిలో పక్కన నిలబడ్డ నాటి నుంచా? పట్టీల సందులు కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. అమ్మా, ఎవరో కాదే, అందరూనే.

తోటల చివర కంచె లేదు, రెండిళ్ళ కూర మళ్ళూ ఒకదానిలోకొకటి కలిసిపోతాయి. అక్కడ నుంచి వచ్చింది స్మిల్య. నల్ల గౌను, నల్ల తలగుడ్డ, నడుం ఇంకా నిటారుగానే ఉంది, తనకి వంగిపోయింది గాని. ఉల్లి మడి తొక్కకుండా గట్టు మీదుగా అడుగులేసుకుంటూ వచ్చింది, తన సొంత మడి అన్నంత జాగ్రత్తగా. చంకలో ఏదో. ఇంటి వైపు చూడనైనా చూడలేదు. గ్లిషా కోసం వచ్చినది కాదు. కుంట దగ్గర మోకాళ్ళ మీద వంగి, చేతిని భుజం దాకా నీళ్ళలో ముంచి, బిరడా లాగింది. గొట్టం గుటకలు వేసింది. నీళ్ళు సుడి తిరిగి దిగడం మొదలైంది. దేసంక లేవలేదు. ఇన్నాళ్ళు అనుకున్నది కళ్ళ ముందు జరుగుతుంటే ఒళ్ళంతా ఒక చల్లటి తృప్తి పాకింది, చూడనీ, అంతా చూడనీ, చివరిదాకా. నీళ్ళు దిగేదాకా స్మిల్య గట్టు మీద కూర్చుని చేతులు గౌనుకు తుడుచుకుంది. తర్వాత చంకలోది తీసింది. సీసా. ఆకుపచ్చ గాజు సీసా, చీటీ లేదు. మూత తీసి తడి కాంక్రీటు మీద ఒంపింది, వాలు మీద, గోడల మీద, మూలల్లో, పొదుపుగా. పడినచోటల్లా కాంక్రీటు బుసబుసమని తెల్లగా పొంగింది. పొంగింది! రాయి పొంగుతోంది! రేపు పిల్లలు దిగే చోట!

"విషం!" అన్న కేక తనదేనని దేసంకకు బయటపడ్డాక గాని తెలీలేదు. కొట్టు తలుపు విసురుకు కంకులు జలజలా దొర్లాయి, వాటి మీద జారి, లేచి, పరిగెత్తి వెళ్ళి స్మిల్య మణికట్టు పట్టుకుంది. "పట్టుకున్నా! ఇన్నాళ్ళకి పట్టుకున్నా నిన్ను!"

స్మిల్య చెయ్యి లాక్కోలేదు. దేసంక జుట్టులో చిక్కిన మొక్కజొన్న పీచు వంకా, మెడలో వేలాడుతున్న రుమాలు వంకా చూసింది. "పన్ను తగ్గిందా?" అంది.

"ఏమిటిది? ఏం పోస్తున్నావు?"

"వాసన చూడు."

"నేను చూడను. నువ్వు తాగు."

స్మిల్య ఒక క్షణం ఆమె కళ్ళలోకి చూసి, సీసా ఎత్తి, ఒక పెద్ద గుక్క మింగింది. ముఖమంతా ముడుచుకుపోయి, కళ్ళ నీళ్ళు కారి, మెడ నరాలు పొంగి దగ్గింది. పక్షులు మెడ వాల్చినట్టు వాలుస్తుందని దేసంక ఎదురు చూసింది. దేవుడా, నిజంగానే ఎదురు చూసింది. స్మిల్య మెడ వాల్చలేదు. మూతి తుడుచుకుంది. "సిర్కా" అంది. "పులిసిన ద్రాక్ష సిర్కా. ఊరగాయకు పోసేది. సున్నం ఘాటు విరుగుతుందని."

"నీకెందుకు? నా కుంట, నా సున్నం."

"లాయోష్ బాచి నీకు చెప్పింది నేను కంచె అవతల విన్నాను. నింపు, ఒంపు, అన్నాడు. నువ్వు ఒంపవని నాకు తెలుసు. అందుకని నేను ఒంపాను. రేపే దించుతున్నావని నిన్న దుకాణంలో అన్నావట. సిర్కా తెచ్చాను."

"నా పిల్లల మీద నీకెందుకంత ప్రేమ?"

"ప్రేమా?" స్మిల్య నవ్వింది, నవ్వులో ఇంకా దగ్గు ఉంది. "నీ పిల్లల మీద నాకేం ప్రేమ లేదు, నీ మీద అంతకన్నా లేదు. ఆ ఘాటు నీళ్ళలో దిగితే కాళ్ళు పుండ్లు పడతాయి, కళ్ళు మూసుకుపోతాయి, తాగితే చస్తాయి. చస్తే ఎవరి పేరు చెబుతావు? లాయోష్ పేరా? చెప్పు. దుకాణం ముందు నిలబడి ఎవరి పేరు చెబుతావు? ఇంకోసారి పడే ఓపిక నాకు లేదు దేసంకా. నాకోసం ఒంపాను."

"నోటితో చెప్పొచ్చుగా!"

"చెప్పాను ఒకసారి. నీళ్ళు వాసనేస్తున్నాయి, వదలకు అని. ఏమైందో గుర్తుందా?"

సీసా మూత బిగించి, చంకలో పెట్టుకోబోయి, ఏమనుకుందో కుంట గట్టు మీద పెట్టేసింది. వంగి బిరడాకు గుడ్డ చుట్టి గొట్టంలో నొక్కింది, చేసే పని సగంలో వదలడం చేతకాని మనిషిలా. ఉల్లి మడి గట్టు మీదుగా వెళ్ళిపోయింది.

గ్లిషా ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. "నీకు తెలుసు" అంది దేసంక, తిరక్కుండానే. "తెలుసు." "దగ్గావు." "దగ్గాను." "నాకెందుకు చెప్పలేదు?" గ్లిషా కాసేపు పాదం పాదానికి రుద్దుకున్నాడు. "చెబితే ఎవరు చెప్పారంటావు. స్మిల్య అంటాను. అనగానే పెట్టె ఎత్తుకెళ్ళి పిల్లలన్నిటినీ అప్పుడే నీళ్ళలోకి తోసేదానివి." అలా చేసేదా? చేసేది. ఈ మాట ఒప్పుకున్నట్టు కనబడకుండా ఉండడానికి వంగి సీసా తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. సిర్కానే. వేలు తడిపి నాలుక మీద పెట్టుకుంది. సిర్కానే; చాలా మంచి సిర్కా, స్మిల్య చేతిది, దానిలో వేసే దోసకాయలు కరకరలాడేవి. కానీ పైన సిర్కా ఉండి అడుగున ఇంకేదన్నా… ఛ. తాగింది కదా. కళ్ళ ముందు తాగింది. నేను తాగమన్నాను, తాగింది. నేను తాగమన్నాను. చీపురు తెచ్చి కుంటలో దిగి, మిగతా సిర్కా పోస్తూ తోమింది, పగిలిన చేతులు భగ్గుమన్నాయి, సబ్బు కాదన్నమాట, సున్నం. తోముతుంటే ఒకటే ఆలోచన ఈగలా వాలుతోంది, తోలితే లేచి మళ్ళీ వాలుతోంది: ఆ పొద్దున స్మిల్య వాసనేస్తున్నాయంటే తను ఒక్కసారి గోతి దగ్గరకి వెళ్ళి ముక్కు పెట్టి చూసి ఉంటే. వెళ్ళలేదు. వాసన చూడలేదు. ఇవాళా చూడనంది. ఈ ఆలోచన ఎవరు పెట్టారు తన బుర్రలో? స్మిల్యే పెట్టి పోయింది, పథకం ప్రకారం. పథకమైతే, మంచి పథకమే. చీపురు విసిరేసి వేసవి వంటింట్లోకి వెళ్ళింది. పెట్టెలో పిల్లలు మెడలు చాచి చియ్ చియ్ మన్నాయి. దోసిట్లో ఎత్తి ఎత్తి ఏప్రానులో వేసుకుంది, ఇవి అవి అని చూడకుండా, ఏప్రాను బరువెక్కేదాకా.

వెనక తోటల గుండానే వెళ్ళింది. స్మిల్య పంపు దగ్గర నోరు పుక్కిలిస్తోంది. దేసంక ఏప్రాను కొసలు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. "ఇవి… నీ దగ్గర ఉండనీ. ఆ కుంట పనికొచ్చేదాకా. తర్వాత కూడా. ఉండనీ."

స్మిల్య ఏప్రాను వైపు చూసింది. చెయ్యి చాచబోయి చాచలేదు. "వెనకదారిన తెచ్చినవి నాకొద్దు" అంది. "నువ్వు నన్ను అన్నది వీధిలో."

దేసంక వెనక్కి తిరిగింది. తోట, కొట్టు, కుంట, పెరడు, ఇంటి పక్క సందు, వీధి గుమ్మం. గుమ్మం దగ్గర ఒక్క క్షణం కాళ్ళు ఆగాయి. ఎండ కాస్త వాలింది, బల్లల మీద జనం నిండుగా ఉన్నారు, అల్లికలు, పొద్దుతిరుగుడు గింజలు, ఉయ్యాలల్లో పసిపిల్లలు. పట్నం బస్సు ఇంకా రాలేదు, పట్నం పోయిన మనిషి ఇంట్లోంచి బయటికొస్తోంది. ఒక్కొక్క తలే తిరిగింది. గింజలు కొరకడం ఆగింది. పెర్స సూదులు ఆగాయి. అందరికీ తెలిసే ఉందా? తన గురించి ఇన్నాళ్ళూ ఈ బల్లల మీద ఏమనుకున్నారు? నడిచింది. ఏప్రానులో పిల్లలు కాళ్ళతో పొట్ట మీద తంతున్నాయి.

"పన్ను పీకించుకున్నావా దేసంకా?" అంది పెర్స. "ఒళ్ళో ఏమిటి?"

"బాతుపిల్లలు."

"ఎక్కడికి?"

"కూమ దగ్గరికి."

పెర్స ఒళ్ళోంచి దారపుండ దొర్లిపోయింది, తీసుకోలేదు. స్మిల్య అప్పటికే తన గుమ్మం తెరిచి, గడపకి అటు నిలబడి ఉంది, ఇటు రాకుండా. గొంతు ఎత్తి, బల్లలన్నీ వినేలా అడిగింది. "చస్తే?"

కావాలనే. అందరి ముందూ కావాలనే అడుగుతోంది. దేసంకకు ముఖం భగ్గుమంది, వెనక్కి పోదామనిపించింది, అమ్మ గుర్తొచ్చింది, తెరకీ గోడకీ మధ్య అమ్మ కన్ను. "చస్తే చచ్చాయి" అంది. గొంతు చాల్లేదు. మళ్ళీ అంది, గట్టిగా, వీధి కొసదాకా. "చస్తే చచ్చాయి! వాటి ఆయుష్షు అంతే అనుకుంటాను. నిన్నేమీ అనను. అప్పుడు కూడా అనకుండా ఉండాల్సింది."

స్మిల్య గడప దాటి వచ్చి, ఏప్రాను అంచు వేలితో తీసి లోపలికి చూసింది. చూస్తూ చూస్తూ ఒకదాన్ని ఎత్తి, రెక్క విప్పి, వీపు ఊది చూసింది. "ఏమిటే ఇది? వీపులన్నీ పీక్కున్నాయి. వీటికి పచ్చి ఆకు పడి ఎన్నాళ్ళయింది? ఒట్టి మొక్కజొన్న పిండేనా? దురదగొండి ఆకు తరిగి కలపాలని నీకు తెలీదూ? ఇంత పిండి పడేసి కాంక్రీటు కుంటలు కట్టిస్తావు!" అంటూ, దాన్ని తన రొమ్ముకి ఆనించుకుని, తిడుతూనే లోపలికి నడిచింది, తలుపు వెయ్యకుండా.

ఆ తిట్లలో ఎక్కడన్నా ఇంకో అర్థం ఉందేమోనని దేసంక ఒక్కొక్క మాటే తిప్పి తిప్పి చూసింది. ఏమీ కనబడలేదు. ఇంకా వెతుకుతూనే, ఏప్రాను గట్టిగా పట్టుకుని, ఆమె వెనకే గడప దాటింది.